అందరికంటే వెనకబడిపోతానని భయం, మాచు పిచ్చు ట్రెక్‌కి వెళ్ళనా మాననా?

ప్రశ్న: అక్కా, నాకు 49 ఏళ్ళు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మా డిగ్రీ బ్యాచ్ వాళ్ళం తొమ్మిది మందిమి, అందులో ముగ్గురు అమెరికాలో ఉంటారు, వచ్చే జూన్‌లో పెరూ వెళ్ళి నాలుగు రోజుల ‘ఇంకా ట్రెయిల్’, అంటే ఇంకా రాజుల కాలం నాటి రాతి దారి, నడిచి ఆ కాలం నాటి కొండమీది ఊరు మాచు పిచ్చు చూడాలని అనుకున్నాం. అడ్వాన్స్ కట్టేశాం, పర్మిట్ కోసం పాస్‌పోర్ట్ కాపీలు అడుగుతున్నారు. ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. బీపీకి మాత్ర వేసుకుంటాను, కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. రెండేళ్ళ క్రితం కేదార్‌నాథ్‌కి సగం దూరం గుర్రం మీదే వెళ్ళాను. మా వాళ్ళలో ఒకతను రోజూ పది కిలోమీటర్లు పరిగెడతాడు. అందరూ నా కోసం ఆగాల్సి వస్తే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. పైగా ఆ దారిలో ‘చనిపోయిన స్త్రీ కనుమ’ అని ఒకటుందట, ఆ పేరు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయనేమో పేరులోనే పిచ్చు ఉంది, మీ అందరికీ పిచ్చే అంటున్నారు. డబ్బు పోతే పోయింది, నేను రైల్లో వచ్చి అక్కడ కలుస్తానని చెప్పేయనా? ఇంకోటి, నేను శాకాహారిని, ఆవకాయ తీసుకెళ్ళొచ్చా? మా షెడ్యూల్ ఇదీ: శనివారం మధ్యాహ్నం కుస్కోలో దిగుతాం, ఆదివారం సిటీ టూర్, సోమవారం తెల్లవారుజామున ట్రెక్ మొదలు, గురువారం మాచు పిచ్చు.

సమాధానం: అక్కా అని పిలిచారు కాబట్టి కాస్త చనువు తీసుకుని రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మోకాలి గురించి రాశారు, పరిగెత్తే స్నేహితుడి గురించి రాశారు, కనుమ పేరు గురించి రాశారు. షెడ్యూల్ మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నా కళ్ళు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాయి. శనివారం దిగి సోమవారం నడక మొదలెట్టడమా? మీరు భయపడాల్సిన సంగతి అదొక్కటే, దానికేమో మీరు అస్సలు భయపడలేదు.

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. పెరూ రాజధాని లిమా అయితే సముద్రం ఒడ్డునే. అక్కణ్ణించి విమానం ఎక్కి గంటన్నర లోపల కుస్కోలో దిగుతారు, అది 3,400 మీటర్లు. ఊపిరికి అందే ఆక్సిజన్ అక్కడ సముద్రమట్టంలో దొరికేదానిలో మూడింట రెండొంతులే. ఒంటికి ఈ సంగతి అర్థమయ్యేసరికి కనీసం రెండు మూడు రోజులు పడుతుంది, దాన్ని తొందరపెట్టడం మన చేతుల్లో లేదు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే వాళ్ళకైనా ఇంతే. ఎత్తు ఒంటికి పడటానికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం లేదు, నిజానికి ఫిట్‌గా ఉన్నవాళ్ళే ధీమాగా వేగంగా నడిచి ముందు పడిపోతారు. మీ స్నేహితుడికి ఈ పేరా చదివి వినిపించండి. దీనికి తోడు ఇండియాకీ పెరూకీ పదిన్నర గంటల తేడా. ముప్ఫై గంటలకు పైగా ప్రయాణం చేసి, పగలేదో రాత్రేదో తెలియని స్థితిలో ఆ ఎత్తులో దిగుతారు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2017లో నేను వెళ్ళినప్పుడు నాకు 51. కుస్కోలో దిగిన రోజు బాగానే ఉంది కదా అని హోటల్లో సామాను పడేసి, సాయంత్రం ఊరి పైన ఉన్న సాక్సైవమాన్ కోట దాకా ఎక్కాను. ఒక్కో రాయీ ఒక గది అంత ఉంటుంది, సందులో కాగితం కూడా దూరదు, అది చూస్తుంటే ఆయాసం సంగతే తెలియలేదు. రాత్రి తొమ్మిదింటికి మొదలైంది తలనొప్పి. తల లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు, తర్వాత వాంతులు, తెల్లవార్లూ బాత్రూం గుమ్మం దగ్గర చాప లేకుండా కూర్చున్నాను. అప్పటికి నాకు ట్రెక్ మొదలవడానికి ఇంకా మూడు రోజులు ఉంది కాబట్టి బతికిపోయాను. మీ షెడ్యూల్లో అయితే ఆ మర్నాడు సిటీ టూరు, ఆ పై రోజు తెల్లవారుజామున బస్సు.

కాబట్టి మొదటి పని, మీ గ్రూపులో ఈ రోజే చెప్పండి, బుధవారమో గురువారమో దిగేలా టికెట్లు మార్చుకుందామని. ఇంకో మాట కూడా చెప్పండి. కుస్కో ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే కుస్కోలో పడుకోకండి. అక్కణ్ణించే కారు మాట్లాడుకుని నేరుగా కిందికి, ఉరుబంబా లోయలోకి దిగిపోండి. ఒయాంతాయ్‌తంబో అనే ఊరు 2,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కుస్కో నుంచి దాదాపు రెండు గంటల దారి. ఆరు వందల మీటర్ల తేడా అంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ అదే తేడా. ఊరు కూడా ముచ్చటగా ఉంటుంది, ఇంకా రాజుల కాలం నాటి వీధుల్లో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, వీధి పక్కనే రాతి కాలవల్లో నీళ్ళు గలగలా పారుతుంటాయి. ట్రెక్ మొదలయ్యే చోటు కూడా అక్కడికి దగ్గరే. కుస్కో సిటీ టూరుని తిరిగొచ్చాక పెట్టుకోండి, అప్పటికి మీ ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడి మెట్లు ఎక్కుతుంటే నవ్వొస్తుంది. జూన్ అన్నారు కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి, 24న అక్కడ ఇంతి రైమి, సూర్యుడి పండగ. ఆ వారం కుస్కోలో గది దొరకడం కష్టం.

మందుల సంగతి. ఎత్తు కోసం వేసుకునే అసెటజోలమైడ్, డయామాక్స్ అంటారు, అది చాలామంది స్నేహితులు చెప్పారని వేసేసుకుంటారు. మీరు అలా చేయకండి. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ఇబ్బంది, పైగా అది మూత్రం ఎక్కువయ్యేలా చేస్తుంది, బీపీ మాత్రల్లో కొన్ని కూడా అదే పని చేస్తాయి. మీ మాత్ర చీటీ పట్టుకెళ్ళి మీ డాక్టర్‌నే అడగండి, వెళ్ళేది ఎంత ఎత్తుకో నంబర్ చెప్పి మరీ అడగండి, ‘కొండ ఎక్కుతున్నాం’ అంటే ఆయన తిరుమల అనుకుంటారు. అక్కడి హోటళ్ళలో కోకా ఆకుల టీ ఇస్తారు, తాగండి, వెచ్చగా హాయిగా ఉంటుంది. అది తాగితే ఎత్తు జబ్బు రాదనుకోకండి, అంతే. ఆ ఆకులు గానీ టీ ప్యాకెట్లు గానీ సరదాకి కూడా సూట్‌కేసులో వేసుకోవద్దు, మన దేశంలో అది నేరం. అమెరికా స్నేహితులకీ చెప్పండి, ఆ టీ తాగి వెళ్ళి ఆఫీసులో డ్రగ్ టెస్ట్ ఇస్తే కొకైన్ అని వచ్చే అవకాశం ఉంది.

దారిలో తలనొప్పి, ఆకలి లేకపోవడం మామూలే. మామూలు కానివి రెండున్నాయి. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం ఒకటి. మడమకి వేలు ఆనించి తిన్నగా ఒక గీత మీద నడవలేకపోవడం రెండోది. ఈ రెండింట్లో ఏది కనిపించినా, మీకైనా మరొకరికైనా, ‘తెల్లారాక చూద్దాం’ అనే మాట లేదు, వెంటనే కిందికి దిగాలి. మొహమాటపడి దాచుకునేది మన ఆడవాళ్ళమే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక మీ అసలు భయం, వెనకబడిపోవడం.

మీరు ఊహించుకుంటున్నది కాలేజీ పిక్నిక్, అందరూ ఒక వరసలో నడుస్తుంటే మీరొక్కరే చివర్లో, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని మీకేసి చూడటం. ఈ ట్రెక్ అలా జరగదు. పెద్ద గ్రూపుకి ఇద్దరు గైడ్లు ఉంటారు, ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. వెనక గైడ్ ఉద్యోగమే చివరి మనిషితో నడవడం. మధ్యలో ఎవరి నడక వాళ్ళది, భోజనం దగ్గరో కనుమ మీదో కలుస్తారు. రెండో రోజు నేనే చివరి మనిషిని. నాతో నడిచిన కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, ప్రతి పది మెట్లకీ తనే ఆగి ఏదో ఒక మొక్క చూపించేవాడు, ఈ పువ్వు పేరు ఇదీ, ఆ పక్షి అదీ అని. మధ్యాహ్నానికి గానీ నాకు వెలగలేదు, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నానన్న సంగతి నాకే తెలియకుండా చేస్తున్నాడని. ‘పోకో ఆ పోకో’ అనేవాడు, అంటే కొంచెం కొంచెంగా అని. ముందు వెళ్ళినవాళ్ళు కనుమ మీద నా కంటే గంటా పావు ముందు చేరారట. ఆ చలిగాలిలో అంతసేపు ఎవరూ నిలబడలేరు కాబట్టి ఫోటోలు తీసుకుని అవతలికి దిగిపోయి టెంట్లలో పడుకున్నారు. నా కోసం ఎవరూ ఆగలేదు, నా వల్ల ఎవరి భోజనమూ ఆలస్యం కాలేదు. నిజం చెప్పాలా, కాస్త ఆగి ఉంటే బాగుండేదని నాకే అనిపించింది.

ఆ కనుమ పేరు వార్మివాన్యుస్కా. అక్కడి కెచువా భాషలో చనిపోయిన స్త్రీ అనే అర్థం. అక్కడెవరూ చనిపోయినందుకు పెట్టిన పేరు కాదమ్మా. లోయలోంచి చూస్తే ఆ కొండ అంచు వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా కనిపిస్తుంది, అందుకని. హాయిగా నిద్రపోండి. ఎత్తు మాత్రం తేలిక కాదు, 4,215 మీటర్లు, మీరు చూసిన కేదార్‌నాథ్ గుడి కంటే ఆరు వందల మీటర్ల పైన. మొదటి రాత్రి వైయబంబా క్యాంపు దగ్గర పడుకుంటే అక్కణ్ణించి ఒకే పూటలో పన్నెండు వందల మీటర్లు ఎక్కాలి. మన భాషలో ‘ఇంకా’ అన్న మాటకి ఉన్న అర్థం ఆ రోజంతా మీకు బాగా గుర్తొస్తుంది. ఇంకా ఎంత దూరం, ఇంకా ఎన్ని మెట్లు.

కేదార్‌నాథ్‌తో పోల్చుకున్నారు కాబట్టి అసలు తేడా చెప్పాలి. అక్కడ కాళ్ళు మొరాయిస్తే గుర్రం ఉంది, డోలీ ఉంది, డబ్బులు పారేస్తే ఎవరో ఒకరు మోసుకెళ్తారు. ఇక్కడ అవేవీ లేవు. సామాను కూడా మనుషులే మోస్తారు. రెండో రోజు కనుమ దాటే లోపల వెనక్కి తిరగాలనుకుంటే, వచ్చిన దారినే నడిచి దిగొచ్చు, తోడుకి మనిషిని పంపుతారు. కనుమ దాటాక మాత్రం వెనక్కి రావడం కంటే ముందుకి పోవడమే నయం. కాబట్టి మీ నిర్ణయం తీసుకోవాల్సిన చోటు హైదరాబాద్ కాదు, మొదటి రాత్రి క్యాంపు. ఆ రాత్రి అన్నం సహించి, తల దిమ్ముగా లేకుండా ఉంటే ముందుకి నడవండి. లేదంటే సిగ్గుపడకుండా గైడ్‌తో చెప్పండి, అతనికి ఇది కొత్త కాదు.

మోకాలి గురించి. ఎక్కడం గురించే అందరూ బెంగపెట్టుకుంటారు, మోకాళ్ళని తినేసేది దిగుడు. మూడో రోజు ఫుయుపాతామార్కా శిథిలాల నుంచి ఆ రాత్రి క్యాంపు ఉండే వినాయ్ వాయ్నా దాకా ఒకటే దిగుడు, వెయ్యి మీటర్లు, అలిపిరి నుంచి తిరుమలకి మనం ఎక్కే ఎత్తు కంటే ఎక్కువ. అవన్నీ రాతి మెట్లు, ఒకటి జానెడు ఉంటే ఇంకోటి మోకాలెత్తు. ఇంకాలకి గుర్రాల్లేవు, బండ్లు లేవు, బరువు మోయడానికి లామాలు, కబురు మోయడానికి కాలినడకన పరిగెత్తే మనుషులు, అంతే. చక్రం కోసం కట్టని దారి కాబట్టి ఏటవాలు కనిపించిన చోటల్లా వంపులు తిప్పకుండా మెట్లు కట్టేశారు. అయిదారు వందల ఏళ్ళ తర్వాత ఆ భారం మన మోకాళ్ళ మీద పడింది.

మీకు ఆరేడు నెలలు టైముంది, ఇది చాలు. జిమ్‌కి డబ్బులు తగలెయ్యక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేయండి, ముఖ్యంగా దిగేటప్పుడు. ఆదివారాలు భువనగిరి కోట ఎక్కి దిగండి. నెలకోసారి అలిపిరి వెళ్ళండి. 3,550 మెట్లు, మనకి ఇంటి ముందు ఇంత మంచి ట్రైనింగ్ మైదానం ఉంటే ఎవరూ దాన్ని అలా చూడరు. మనమంతా చేసే పని ఏంటి? గోవిందా గోవిందా అంటూ నడిచి ఎక్కుతాం, దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతాం. మీరు రివర్స్ చేయండి, ఓపిక లేని నెలలో ఎక్కేటప్పుడు బస్సెక్కండి గానీ దిగేది మాత్రం నడిచే దిగండి. మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతే అదే కావాల్సింది, ఆ నొప్పి ఇక్కడే పడి వెళ్ళాలి. నాలుగోసారికి ఆ నొప్పి ఉండదు. అప్పటికీ మోకాలు వాస్తూ ఉంటే ఎముకల డాక్టర్‌కి చూపించి నిజం తెలుసుకోండి, ఆయన వద్దంటే వద్దు. రెండు చేతులకీ రెండు కర్రలు తప్పనిసరి, చివర రబ్బరు తొడుగులు ఉండాలి, ఉత్త ఇనప మొన అయితే రాళ్ళు పాడవుతాయని అనుమతించరు. షూస్ కొత్తవి కొని నేరుగా అక్కడికి వేసుకెళ్ళకండి, అలిపిరికి అవే వేసుకోండి. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, ఎటూ మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకునే నడుస్తాం అంటారా, భువనగిరికి వేసుకోండి.

రైల్లో వెళ్ళనా అని అడిగారు. రైల్లో వెళ్ళడం తప్పేమీ కాదు, ఏటా మాచు పిచ్చు చూసేవాళ్ళలో ఎక్కువమంది అలాగే వెళ్తారు. అయితే మీకు నడవాలని లేకపోతే నాకు ఇంత పొడుగు ఉత్తరం రాసేవారు కాదు. మధ్యలో ఒక దారుంది, దాని గురించి మీ టూర్ వాళ్ళు చెప్పి ఉండరు. అదే రైల్లో 104వ కిలోమీటరు రాయి దగ్గర దిగి, ఒక్క రోజులో దాదాపు పదకొండు పన్నెండు కిలోమీటర్లు నడిచి, సూర్యద్వారం గుండా మాచు పిచ్చు చేరే చిన్న ట్రెయిల్. రాత్రి కింద అగ్వాస్ కాలియెంతెస్ ఊళ్ళో హోటల్లో పడుకుంటారు, టెంటు లేదు, పెద్ద కనుమ లేదు, ఎత్తు 2,700 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎండలో ఎక్కుడు మాత్రం ఉంటుంది. మీ వాళ్ళ మూడో రోజున మీరు ఇది నడిస్తే, నాలుగో రోజు పొద్దున బస్సులో పైకి వెళ్ళి వాళ్ళకి ఎదురు నిలబడొచ్చు, అప్పుడు ఆలస్యమయ్యేది వాళ్ళు. దీనికీ గైడూ పర్మిటూ కావాలి.

అందుకే పాస్‌పోర్ట్ కాపీ పంపే ముందే తేల్చుకోండి. పెద్ద ట్రెయిల్ మీదకి రోజుకి 500 మందినే వదులుతారు, అందులో గైడ్లూ పోర్టర్లూ పోను టూరిస్టులకి మిగిలేవి 200 దాకా. జూన్‌వి నెలల ముందే అయిపోతాయి. ఒకసారి పర్మిట్ మీ పేరు మీద వచ్చాక తేదీ మారదు, ఇంకొకరికి బదలాయించడం కుదరదు. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళం కాస్త జాగ్రత్తపడాలి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, ఆధార్‌లో ఒకలా, టికెట్‌లో ఒకలా ఉంటుంది మనకి. ట్రెక్ మొదలయ్యే 82వ కిలోమీటరు దగ్గర గేటులో ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూసి పేరూ నంబరూ పోల్చుకుంటారు, తేడా ఉంటే అక్కడే ఆపేస్తారు. ఈ లోపల పాస్‌పోర్ట్ రెన్యూ చేయించే పని ఉంటే ముందు అది కానివ్వండి.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి మీ టూర్ వాళ్ళు చెప్పారా? చెప్పి ఉండరు. మీరు నడిచే ఎత్తులో ఆ జ్వరం భయం లేదు, కానీ పెరూ ఆ జబ్బున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లో సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, వెళ్ళే ముందు రోజులూ టైమూ కనుక్కోండి. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడాకే వేయించుకోవాలి.

వీసా విషయంలో, పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా ఇంకా ఆరు నెలలు చెల్లేలా ఉంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదు. లేనివాళ్ళు ముందే తీసుకోవాలి. టికెట్ కొనే ముందు పెరూ ఎంబసీ సైట్‌లో మరోసారి చూసుకోండి, ఇలాంటివి మారుతుంటాయి. మీ అమెరికా స్నేహితుల్లో హెచ్1బీ వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఇప్పుడే ఆలోచించుకోవాలి, పెరూ నుంచి తిరిగి వెళ్ళాలంటే చెల్లే స్టాంపు కావాలి కదా. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ‘ట్రెకింగ్, 4,200 మీటర్లు’ కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి, చాలా పాలసీల్లో అంత ఎత్తు ఉండదు.

టూర్ వాళ్ళని ఇంకో ప్రశ్న అడగండి. మీ పోర్టర్లకి పడుకోవడానికి టెంటూ కింద పరుచుకోవడానికి చాపా ఇస్తారా అని. చవక ప్యాకేజీల్లో డబ్బు మిగిలేది అక్కడే. గేటు దగ్గర ఒక్కొక్కరి మూటా తూకం వేస్తారు, 20 కిలోలు దాటకూడదని నియమం. నా కళ్ళతో చూశాను, ఒకతని మూట ముల్లు 20 దాటితే పక్కవాడు ఒక గ్యాస్ స్టవ్ తీసి తన దాంట్లో పెట్టుకున్నాడు. మీ బ్యాగుకి వాళ్ళిచ్చే లెక్క మామూలుగా ఏడు కిలోలు, స్లీపింగ్ బ్యాగుతో కలిపి. మీరు మెట్టు మెట్టుకీ ఆగుతుంటే వాళ్ళు టైరు రబ్బరు చెప్పులతో పక్కనించి పరుగున దిగిపోతారు, వెనక అడుగుల చప్పుడు వినగానే కొండ వైపుకి ఒత్తిగిలి నిలబడండి, లోయ వైపుకి ఎప్పుడూ జరగొద్దు. పొద్దున్నే టెంటు జిప్పు దగ్గర గిన్నెలో వేడినీళ్ళూ కప్పు టీ పెట్టి పిలిచేది కూడా వాళ్ళే. చివరి రోజు టిప్పుకి అందరూ కలిపి వేసుకోండి, చిన్న నోట్లు కుస్కోలోనే మార్చి పెట్టుకోండి. బాత్రూములు మన దేశవాళీ టైపే, దానికి మాత్రం విదేశీయుల కంటే మనమే ముందు, కనుమ దిగిన రోజు సాయంత్రం తప్ప. ఆ రోజు కూర్చుంటే లేవలేరు.

వినాయ్ వాయ్నా గురించి ఒక్క మాట, టూర్ కాగితాల్లో దాన్ని ఒక లైనులో తేల్చేస్తారు. మూడో రోజు సాయంత్రం క్యాంపుకి చేరగానే అందరూ కూలబడతారు, మీరు మాత్రం బూట్లు విప్పకండి. ఐదు నిమిషాలు నడిస్తే కొండ వాలంతా మెట్లు మెట్లుగా పొలం గట్లు, అర్ధచంద్రంలా వంగి, కింద ఎక్కడో ఉరుబంబా నది. పై ఇళ్ళ నుంచి కింది ఇళ్ళ దాకా ఒకదాని కింద ఒకటి రాతి నీటి తొట్లు, ఇప్పటికీ పారుతున్నాయి. నేను వెళ్ళేసరికి మొత్తం కలిపి ఆరుగురం ఉన్నాం, ఒక లామాతో కలిపి. మర్నాడు మాచు పిచ్చులో వేల మంది. చీకట్లో మూడున్నరకి లేపుతారు, ఐదున్నరకి గేటు తీస్తారు, హడావుడిగా సూర్యద్వారం చేరాం, చూస్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. నలభై నిమిషాలు కూర్చున్నాం. తర్వాత ఒక మూల తెర పక్కకి జరిగినట్టు జరిగి రెండు గోడలు కనిపించాయి, మళ్ళీ మూసుకుపోయింది. మొత్తం ఊరు కనిపించింది కిందికి దిగాకే. ఫోటో రాలేదని మా గ్రూపులో ఒకావిడ ఏడ్చింది, కాబట్టి ఆ ఫోటో మీద ఆశ పెట్టుకోవద్దు.

తిండికి ఇబ్బంది లేదు. క్వినోవా సూపు, అన్నం, బంగాళాదుంప, బీన్స్, ఆ గ్యాస్ స్టవ్ మీదే ఎలా చేస్తారో గానీ వేడివేడిగా పెడతారు. శాకాహారి అంటే అక్కడ కొందరికి కోడి మాంసం లెక్కలోకి రాదు, సూపు కోడి నీళ్ళతో చేసేస్తారు. కాబట్టి స్పానిష్‌లో ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని మూడూ చెప్పాలి, మాంసం లేకుండా, కోడి లేకుండా, చేప లేకుండా అని. బుకింగ్ ఫారంలో కూడా అలాగే రాయించండి.

ఆవకాయ తీసుకెళ్ళండి, ఎందుకు మానడం, బరువు ఆ ఏడు కిలోల్లోకే వస్తుందని గుర్తుంటే చాలు. అయితే సీలు వేసిన ప్యాకెట్లతో జాగ్రత్త. ఎత్తుకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి అవి దిండ్లలా ఉబ్బుతాయి. రెండో రాత్రి పకాయ్‌మాయో క్యాంపులో, టెంటులో కూర్చుని, గోంగూర ప్యాకెట్ పళ్ళతో చింపాను. నూనె ఎగిరి అద్దెకి తెచ్చుకున్న స్లీపింగ్ బ్యాగు మీదా, పక్కన పడుకున్న కెనడా ఆవిడ తెల్ల టోపీ మీదా పడింది. ఆవిడ వేలితో తుడిచి నోట్లో పెట్టుకుని, ఇంకా ఉందా అని అడిగింది. కుస్కో దాకా ఆ ప్యాకెట్ మాకు మిగల్లేదు. మీరైతే గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో, ఊట తక్కువగా, ముక్క ఎక్కువగా సర్దుకోండి.